చప్పుడు తగ్గిన డిస్కు

బిలాస్‌పూర్, రైల్వే కాలనీ.

ప్రసూనక్కకి నాగేంద్ర నమస్కారాలు.

ఫోన్లో మాట్లాడితే తెలుగు మర్చిపోతావు, ఉత్తరం రాయి అన్నావు కాబట్టి రాస్తున్నాను. అమ్మ, నేను కులాసా. నాన్న డ్యూటీకి వెళ్తున్నాడు, అన్నం తింటున్నాడు. అంతవరకు ఆయనా కులాసాయే.

నువ్విచ్చిన పాత లాప్‌టాప్ బతికే ఉందా అని అడిగావు. ఉంది. మూడేళ్లకోసారి కొత్తది కొనిపించే కంపెనీల మీద కోపంతో దాంట్లో ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించానని నీకు తెలుసు. పోయిన నెల నాన్న, రైల్వే షెడ్డులో వేగన్ల చక్రాల బేరింగు విన్నట్టే దానికి చెవి ఆనించి, "లోపల తిరిగేది అలిసిపోనాదిరా. పని తగ్గించు" అన్నాడు. తగ్గించాను. చేసే ప్రతి పనినీ డిస్కు మీద చిట్టా రాసుకునే అలవాటు మాన్పించాను. తాత్కాలిక ఫైళ్లన్నీ మెమరీలోకి మార్చాను. ఆ జోరులో నా రాతల ఫోల్డరునూ అక్కడికే తోశాను. సాయంత్రం ఒక్కసారి డిస్కు మీదికి కాపీ చేస్తే చాలనుకున్నాను. డిస్కు కరకరలు ఆగాయి.

నాన్న ఛార్జిషీటు సంగతి కదా నీ రెండో ప్రశ్న. బేరింగు వేడెక్కి గూడ్సు దారిలో ఆగితే, సరిగ్గా చూడలేదని ఆయన మీద వేశారు. జవాబు వెళ్లిపోయింది. "తప్పయింది, క్షమించండి" అని హిందీలో రెండు లైన్లు. యూనియన్ జగన్నాథం గారు రాసిచ్చారు, నాన్న సంతకం పెట్టాడు. ఆ బేరింగు పనికిరాదని ముందే చెప్పిన మనిషి!

అసలు జవాబు వేరే ఉండేది అక్కా. సెలవు రోజు పొద్దున్నుంచీ ఆయన చెప్తుంటే నేను టైపు చేశాను. ఏ వేగను, ఏ చక్రం, ఎవరికి చెప్పాడు, వాళ్లేమన్నారు, అన్నీ. నాన్న అంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నాలుగింటికి, ఇంకా డిస్కు మీదికి కాపీ చెయ్యకముందే, కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. మెమరీలో ఉన్నది కరెంటుతోనే పోతుంది. అది నాకు తెలుసు.

మర్నాడే గడువు. గుర్తున్నది నేను రాస్తానన్నాను.

"వద్దురా. నీ రాతలో కోపమెక్కువ, నా నౌకరీ పోద్ది."

"అయితే మళ్లీ చెప్పు నాన్నా."

"ఒకపాలి సెప్పీసినాను గదా. ఇంక ఓపిక నేదు."

తప్పంతా కరెంటుదేనన్నాను, ఫోల్డరు నేను మార్చిన సంగతి దాచాను. ఊళ్లో అందరి అబద్ధాల మీదా అరిచే నేను. నిన్న ఆయన మళ్లీ చెవి ఆనించి, "అచ్ఛా, సప్పుడే నేదు. బాగా సేసినావురా" అన్నాడు. నాకు తెలిసి అదే మొదటి మెచ్చుకోలు. ఆ రాత్రే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మూడింటికి డ్యూటీ దిగి వస్తాడు. కవరు అంటించకుండా ఈ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి, ముందు చదివి తర్వాత పోస్టు డబ్బాలో వెయ్యమంటాను. అందుకే కోపం లేకుండా రాశాను. ఇది నీకు అందితే, ఆయన చదివినట్టే.

ఇట్లు,
నీ తమ్ముడు
నాగేంద్ర