చీటీలు అంటించిన ఇల్లు

నలభై ఏళ్లుగా పుస్తకాలు బైండింగు చేస్తూ, నిన్నటితో అరవై మూడు నిండిన నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, సుష్టుగా భోంచేసి కూర్చుని రాసుకున్న చివరి వీలునామా ఇది. మతి సరిగ్గానే ఉందని డాక్టరు గారు కాగితం ఇచ్చారు. పదేళ్ల కిందట, నా పెళ్లికి ముందు రాసిన వీలునామా ఇక చెల్లదు.

పాతదాంట్లోలాగే ఇందులోనూ అమలుదారులు నా తమ్ముడూ, నా చిన్ననాటి స్నేహితురాలైన లెక్కల టీచరూ. ఇద్దరూ నాకోసం ప్రాణం పెడతారు గానీ ఆత్రం ఎక్కువ. మొన్న నేను పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంటే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంట్లో సామానంతటికీ నంబర్ల చీటీలు అంటించేశారు. అదీ నా బైండింగు జిగురుతో. బస్సు డ్రైవరుగా రిటైరైన మా ఆయన తన కుర్చీలో కూర్చుని ఉండగానే దానికి ఇరవై ఏడో నంబరు పడింది. ఆయన అలిగి షాపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, జేబుకి పిన్నీసు గుచ్చుకున్నారు. నేను తిరిగొచ్చేసరికి ముగ్గురికీ మాటల్లేవు. అక్క పోయాక ఈ ఇంట్లో ఈయనకేం హక్కుందని తమ్ముడు. నేనేమన్నా ఇల్లు చూసి కట్టుకున్నానా అని ఆయన. నేనింకా పోలేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. కాబట్టి ఈ తగువు నేనే తీరుస్తున్నాను.

1. షాపు, కుట్టు సూదులతో సహా, నా మేనకోడలికి. కుట్టడంలో నన్ను మించిపోయింది. అట్ట కోసేటప్పుడు మాత్రం వాళ్ల నాన్న తొందరే.

2. తమ్ముడికి ఒక పెట్టె రంగు పెన్సిళ్లు. ఏడేళ్ల వయసులో నావి విరగ్గొట్టి పిల్లి మీదికి నెట్టాడు. పిల్లి ఏమీ అనలేదు గానీ నేను మరిచిపోలేదు. ఇవి కొత్తవి, వాడి ఇష్టం.

3. టీచరుకి నా నీలం శాలువా. ఇరవై ఏళ్లుగా ప్రతి చలికాలం అరువు తీసుకుని, ఉతికి తెచ్చిస్తోంది. ఇక తిరిగివ్వక్కర్లేదు.

4. ఒకటి నుంచి అరవై నాలుగు దాకా చీటీ ఉన్న ప్రతి వస్తువూ మా ఆయనది. చీటీలు గీకి తీసే బాధ్యత అంటించినవారిది. గోరువెచ్చని నీళ్లూ బోలెడంత ఓపికా కావాలి. ఆయన పక్కన నిలబడి సలహాలిస్తారు. అది ఆపడం నావల్లే కాలేదు.

5. ఇక ఇల్లు. టీచరు రాసి తెచ్చిన చిత్తులో, మళ్లీ పెళ్లి చేసుకోనంతవరకు ఆయన ఇందులో నివసించవచ్చునని ఉంది. ఆ వాక్యం కొట్టేశాను. ఇల్లు సర్వహక్కులతో ఆయనదే. ఉండవచ్చు, అద్దెకివ్వవచ్చు, అమ్ముకోవచ్చు. అమలుదారులు అభ్యంతరం చెప్పరాదు.

పెళ్లి కూడా చేసుకోవచ్చు. నేను యాభై ఏడో ఏట చేసుకున్నాను. ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను, ఈ ఆరేళ్లూ నవ్వుతూనే ఉన్నాను. నేను ఊళ్లో లేకపోతే ఆయన టీ కూడా సగం తాగి వదిలేస్తారు. అలాంటి మనిషిని ఒంటరిగా ఉంచడం నాకు ఇష్టం లేదు. ఆ పెళ్లంటూ జరిగితే అమలుదారులు మీరిద్దరూ వెళ్లి, ముందు వరసలో కూర్చుని, మొహాలు మాడ్చుకోకుండా భోంచేసి రావాలి. లేదంటే మీకు రాసిన 2, 3 నిబంధనలు రద్దు.

ఆయనంటే నాకు చాలా ఇష్టం. ఎదురుగా చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అందుకే సాక్షుల ముందు, స్టాంపు కాగితం మీద చెబుతున్నాను.

తేదీ: ఆరో నెల పద్నాలుగు, బుధవారం

సంతకం: బైండింగావిడ

సాక్షులు:
నాకు వైద్యం చేసిన డాక్టరు గారు
పక్కవీధి ప్రింటింగు ప్రెస్సు యజమానురాలు

(ఆస్తి పొందేవారు సాక్షి సంతకం చేయకూడదట. అందుకే మా ఆయన్ని వరండాలో కూర్చోబెట్టాం. అయిందా అని ఇప్పటికి మూడుసార్లు అడిగారు.)