కలిపినప్పుడు తప్పిన లెక్క

తిరుపతి,
ఆదివారం.

ప్రియమైన నాయనకు,

నిస్సీ వందనాలు. ప్రభువు కృపవల్ల అమ్మా నేనూ బాగున్నాం. అక్కడి ఎండలకు నీ ఆరోగ్యం ఎలా ఉందోనని అమ్మకు ఒకటే దిగులు. ఫోన్‌లో అయితే ఆమె పక్కనే ఉంటుంది. అందుకే కువైట్ వస్తున్న మునికుమార్ అన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

"ఆఫీసులో నువ్వు చేసేదేంది పాపా?" అని అడిగావు కదా. మేము ఒక పిల్లల ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. బిడ్డ బరువు కొడితే ఎంత మందు ఇవ్వాలో అది చెబుతుంది. ఇదివరకు ఎవరి మార్పులు వాళ్లు చేసుకుని నెలాఖరున అన్నీ కలిపేవాళ్లం. అప్పుడు మొదలయ్యేది తలనొప్పి. అందుకని ఎవరు ఏ చిన్న మార్పు పెట్టినా వెంటనే అన్నిటితో కలిపి, తనంతట తానే పరీక్షించే ఏర్పాటు నేను చేశాను. తేడా వస్తే తెరమీద ఎర్ర గుర్తు పడుతుంది.

గురువారం నేనూ, నాతో పనిచేసే నవీనూ పెట్టిన మార్పులు కలిసినప్పుడు ఆ గుర్తు పడింది. మరుసటి రోజే ఆసుపత్రికి ఇవ్వాలి. మా మేనేజరు భానుచందర్ సార్ నా దగ్గరికే వచ్చాడు.

"ఆ ఒక్క పరీక్ష తీసెయ్యమ్మా. సోమవారం సూసుకుందాం."

"కారణం తెలీకుండా ఎట్ల తీసేది సార్?"

"నవీన్‌ది సరిగ్గానే ఉండాది, నీదీ సరిగ్గానే ఉండాది. ఇంకేంది?"

నేను తీయనన్నాను. ఆయనే తీసేసి, శుక్రవారం ఉదయం ఆసుపత్రికి ఇచ్చేశాడు.

నాకు కూర్చుంటే తోచలేదు, అన్నం సహించలేదు. వెతుకుతూనే ఉన్నాను. చివరికి దొరికింది. నెలలు నిండని బిడ్డలకు మందు సగం చేయాలి. నవీన్ రాసిన చోట సగమవుతోంది, నేను రాసిన చోటా సగమవుతోంది. రెండూ కలిస్తే బిడ్డకు అందేది పావు వంతే.

పరుగున వెళ్లి సార్‌కు చూపించాను. "ఆడ ఎవురికీ చెప్పొద్దు. మెల్లగా మార్చేద్దాం," అన్నాడు.

నేను బయటికొచ్చి ఆ ఆసుపత్రిలోని డాక్టర్ రాజశ్రీ గారికి ఫోన్ చేశాను. "దాన్ని వాడొద్దు మేడం" అన్నాను. ఆమె నన్ను లైన్లోనే ఉండమని వార్డులో కనుక్కుంది. తర్వాత, "ఇంకా మొదలుపెట్టలేదమ్మా. పాత పద్ధతిలోనే ఇస్తాంలే" అంది.

ఇంతసేపూ రాయడానికి చేయి రాని సంగతి ఒకటుంది నాయనా. ఆ ఫోన్ చేశానని నన్ను ఇక పనికి రావద్దన్నారు. అమ్మకు ఇంకా తెలియదు. నా ఉద్యోగం ఖాయమైతే అక్కడ బండి తోలడం మానేసి వచ్చేస్తానన్నావు. అది గుర్తొస్తే ఇంట్లో కాలు నిలవడం లేదు. ఇది రాస్తూ కూడా ఎన్నిసార్లు లేచి వాకిట్లోకి వెళ్లానో.

అయినా ఆ ఫోన్ చేయకుండా ఉండాల్సిందని మాత్రం అనిపించడం లేదు.

ఉత్తరం అందగానే ఫోన్ చెయ్. ముందు తిట్టినా సరే, తర్వాత కాసేపు మాట్లాడు.

ఇట్లు,
నీ కూతురు
నిస్సీ