గౌరి ప్రోగ్రాంలో తప్పు లేదు

మంగళవారం, టెక్కలి హాస్టల్

ల్యాబ్‌లో నా క్లాస్‌మేట్ గౌరి రాసిన క్లయింట్ ప్రోగ్రాం నా సర్వర్ ప్రోగ్రాంతో కలవలేదు. ఎన్నిసార్లు నడిపినా ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’, అంటే అవతలివైపు తీసుకోలేదు అనే వచ్చింది. నా సర్వర్ నా కంప్యూటర్లో బాగానే పనిచేస్తోంది కదా, తప్పు ఆమెదే అనుకున్నాను.

“ఓపాలి నీ సర్వర్ కూడా సూడే,” అంది గౌరి.

“నీకు రాదని సెప్పు,” అన్నాను అందరి ముందూ.

ఆమె వాళ్లూరు భావనపాడు బస్సెక్కేసింది. తర్వాత చూస్తే, నా సర్వర్‌ని 127.0.0.1 అడ్రస్ మీద, అంటే నా కంప్యూటర్ నుంచి వచ్చే కనెక్షన్లే తీసుకునేలా పెట్టింది నేనే. అది మార్చగానే గౌరి ప్రోగ్రాం ఉన్నదున్నట్టుగా కలిసింది.

గౌరికి ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తింది. “ఒచ్చిన కాణ్ణించి ముద్ద ముట్టలేదమ్మా. ఏటయ్యింది?”

“ఏటీ లేదు పిన్నీ. ప్రోగ్రాం కలిసిందని సెప్పండి,” అన్నాను.

తప్పు నాదని మాత్రం చెప్పలేదు.