పైకప్పు మీది గాలి

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు. అమ్మ, నేను, మీ బావ ఉన్నాం. క్షేమం అని రాయబోయి ఆగాను, మొదటి వాక్యంలోనే అబద్ధం ఎందుకని.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. అమ్మ మోకాళ్ళకి కొత్త మందు పనిచేయడం లేదు, నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. సెన్సార్లు సరిచూసే నీ బెంచీ దగ్గర ఇంకా ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఇక మూడోది, "షెడ్డు వెనక షట్టరు తెరిచారా అక్కా, తెరిస్తేనే ఈ ఊపిరితిత్తులతో పనిలోకి వెళ్ళమంటున్నాడు డాక్టరు" అన్నావు. దానికి జవాబు కాస్త పొడుగు. కోప్పడకుండా చదువు, కోపం నా శాఖ.

తెరవలేదు. షెడ్డులో పరీక్షించే కార్ల పొగ బయటికొస్తే పక్క భవనంలో ఆఫీసువాళ్ళు ఫిర్యాదు చేస్తారట. అంటే పొగ చెడ్డదని అందరికీ తెలుసు. ఎవరు పీల్చాలన్నదే తేలాలి, అదీ ఎప్పుడో తేలిపోయింది.

మనుషుల మాట వినరు, యంత్రం మాటైనా వింటారనుకున్నాను. నువ్వు నేర్పిందే కదా: కారు పొగగొట్టంలో పెట్టే ఆక్సిజన్ సెన్సారుని ముందు మంచి గాలిలో పట్టుకుని, ఇదీ నీ కొలత అని మీట నొక్కాలి. షెడ్డులో నొక్కితే మన కంపునే మంచి గాలి అనుకుంటుంది, మనలాగే. ఆపైన అది చెప్పే ప్రతి అంకె తప్పే. అందుకని ఒక సెన్సారుని మీటరుతో సహా పైకప్పు మీదికి తీసుకెళ్ళి, అక్కడ మీట నొక్కి, కిందికి తెచ్చి మేనేజరు ముందు పెట్టాను.

"చూడండి సార్, షెడ్డులోకి రాగానే అంకె పడిపోయింది."

ఆయన కళ్ళజోడు పైకి తోసి చాలాసేపు చూశాడు. "నిజమేనమ్మా. అయితే ఇన్నాళ్ళూ మన సెన్సార్లన్నీ తప్పు చెప్తున్నాయన్నమాట."

"నేను మనుషుల సంగతి చెప్తున్నాను సార్."

"చూద్దాంలే. ముందు గాలి సంగతి తేలనీ."

ఆ సంబరంలోనే నీకు పోయిన ఉత్తరంలో 'గాలి వస్తోంది' అని రాశాను. వచ్చింది. పైకప్పు నుంచి నీ బెంచీ దాకా, బొటనవేలు లావు గొట్టంలో. సెన్సార్లకి.

"దానికి వారంటీ ఉందే, నీకేముంది?" అంది నట్లు బిగించే పిన్ని. అందరం నవ్వాం. నవ్వితే దగ్గొస్తుంది కదా, దగ్గాం.

ఇప్పుడు దాచిన మాట. ఎవరూ చూడనప్పుడు ఆ గొట్టానికి ముక్కు ఆనించి పీల్చడం మొదలుపెట్టింది నేనే. తర్వాత అందరూ మరిగారు. ఎవరికి వాళ్ళు దేబిరించకండి, కలిసి అడగండి అని ఇన్నేళ్ళు గొంతు చించుకున్నదాన్ని. నిన్న పిన్ని ఎంతకీ జరగకపోతే భుజం పట్టి లాగేశాను. ఆమె నుదురు బెంచీ అంచుకి కొట్టుకుంది. "సర్లే, నీ వంతు," అని పక్కకి జరిగింది. తిట్టినా బాగుండేది.

మన ఊపిరి తగిలి అంకెలు చెడుతున్నాయని కనిపెట్టారు. ఇవాళ గొట్టం మూతికి గాజుపెట్టె బిగించారు, సెన్సారు పట్టేంత చోటుతో. పోట్లాడదామని లేచాను. పిన్ని నుదుటి కట్టు కనిపించింది. కూర్చున్నాను.

అప్పుడే మేనేజరు నీ సంగతి అడిగాడు, వస్తాడా రాడా అని. నువ్వు వస్తాననే అంటావు. అక్కడ నీకు పని లేదనీ, మరదలి కుట్టుమిషనే ఇల్లు నడుపుతోందనీ నాకు తెలుసు. నిన్ను అడగకుండానే "రాడు" అని చెప్పేశాను. నీ చోటు నాకిచ్చారు. రేపటినుంచి గాజు అవతలి గాలిని చూస్తూ కూర్చోవాలి.

తిట్టాలనిపిస్తే తిట్టు తమ్ముడూ. అక్కడ గాలి ఉంది, గట్టిగానే తిట్టు.

ఇట్లు,
నోరు పోగొట్టుకున్న నీ
గయ్యాళి అక్క