ముందుగా, తప్పయింది

జూలై 3
విద్యార్థి ప్రవర్తన, ఫిర్యాదుల కమిటీ కార్యాలయం

శ్రీ చెంగయ్య గారికి యూనివర్సిటీ తరఫున నమస్కారాలు.

ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్న మీ కుమార్తె రోజారమణి, ఫైలు నంబరు పదిహేడులో ఒక పక్షంగా ఉన్నారు. మాటలతో వేధించారన్న ఫిర్యాదు ఇది. ఎవరు ఎవరి మీద పెట్టారన్నది విచారణ ముగిసేదాకా మేము బయటపెట్టరాదు. మీ అమ్మాయి కూడా ఇంట్లోవాళ్లతో సహా ఎవరితోనూ దీని గురించి మాట్లాడరాదు. ఇది పద్నాలుగో నిబంధన. తండ్రిగా మీరు చెప్పదలచుకున్నది పదిరోజుల్లో రాసి పంపండి. ప్రవర్తనా నియమావళి పుస్తకం జతపరిచాను.

ఇట్లు,
రంగనాయకులు, ఆఫీసు సూపరింటెండెంట్

తా.క.: ఫోన్ చేయవద్దు. ఫోన్‌లో చెప్పినదాన్ని ఫైలులో కుట్టడానికి వీలుకాదు.

*

జూలై 8
పులికాట్ ఒడ్డు, సూళ్లూరుపేట మీదుగా

రంగనాయకులు సారుకి, వల పక్కనబెట్టి, చేతులు కడుక్కుని చెంగయ్య రాసుకునేది.

ముందుగా, తప్పయింది సార్. పెద్దమనసు చేసుకోవాలి.

మీ పుస్తకం అందినాది. నేను చదివింది ఏడో తరగతి, అందుకని మూడు దినాలు పట్టింది. నిజం చెబుతున్నా సార్, ఒళ్లు జలదరించింది. ఒక మనిషిని ఇంకో మనిషి ఏమేం అనకూడదో నలభై పేజీలు రాసినారు! కులం ఎత్తకూడదంట. యాసని ఎగతాళి చేయకూడదంట. చదువు చెప్పే సారైనా సరే, అనకూడదంట. అంటే ఆ ఆడపిల్ల పోయి చెప్పుకోవచ్చంట, ఐదుగురు కూర్చుని వింటారంట, ఆమెకి కుర్చీ వేస్తారంట. మా కుప్పంలో, అదే మా జాలర్ల పల్లెలో, పంచాయితీ జరిగితే ఆడోళ్లు తడిక అవతల నిలబడి వినాల్సిందే. ఆ కుర్చీ ముక్క దగ్గర ఆగి మళ్లీ చదివినాను, పొరబాటున అచ్చేసినారేమో అని.

మా పిల్ల ఎవరి మీదన్నా నోరు జారి ఉంటే చదువు మాత్రం మాన్పించొద్దు సార్. మా కుప్పంలో అంత చదువు చదివింది అదొక్కతే.

మీ దయ కోరే,
చెంగయ్య

తా.క.: ఇరవైరెండో పేజీలో 'అదే పనిగా పేర్లు పెట్టి పిలవడం' నేరమని ఉండాది. నా భార్య ముసలమ్మ అడగమంటోంది, ముప్పై ఏళ్లుగా పిలుస్తున్నవి కూడా అందులోకి వస్తాయా అని.

*

జూలై 12

శ్రీ చెంగయ్య గారికి,

మీ ఉత్తరం చేరింది. అందులోని మొదటి వాక్యాన్ని 'తప్పు ఒప్పుకోలు'గా నమోదు చేసి, నకలును ముప్పై ఒకటో నిబంధన ప్రకారం అవతలి పక్షానికి ఇచ్చాం. నా ఇరవై ఆరేళ్ల సర్వీసులో, విచారణ మొదలుకాకముందే ఒప్పుకున్నవారు మీరొక్కరే. అయితే ఏ తప్పో మీరు రాయలేదు. మీ అమ్మాయి యూనివర్సిటీలో కొనసాగాలా వద్దా అన్నది కమిటీ ఇరవై ఎనిమిదో తేదీ సోమవారం తేలుస్తుంది. ఈలోగా తప్పు పేరు, తేదీ, స్థలం తెలపండి.

ఇట్లు,
రంగనాయకులు

తా.క.: నియమావళి క్యాంపస్ గోడ వరకే. భార్యాభర్తలకు వర్తించదు. ఈ సంగతి మా ఆవిడకి నేనింకా చెప్పలేదు.

*

జూలై 16

రంగనాయకులు సారుకి,

ముందుగా, తప్పయింది సార్.

ఏ తప్పని అడిగినారు. మీ దగ్గర ఏముందో అదే వేసుకోండి, పేరు పెట్టడానికి నేనెంతటివాణ్ణి? అయినా అడిగినారు కాబట్టి కూర్చుని వెతికినాను. మా పిల్ల గొంతు పెద్దది. చిన్నప్పటినుంచి ఈ పడవలో నుంచి ఆ పడవకి, ఎదురుగాలిలో మాట్లాడిన గొంతు. రహస్యం చెప్పినా ఒడ్డుదాకా వినపడతాది. అది వేధింపు అయితే రాసుకోండి. పదిహేనో ఏట, మా కుప్పం పెద్ద ఆదెయ్యన్నని మొహాన్నే అడిగేసింది, పంచాయితీలో ఆడోళ్ల మాట ఎందుకు వినరని. అదీ రాసుకోండి. ఆదెయ్యన్న ఏమీ అనుకోలేదు, రెండు నెలలు మాట్లాడలేదంతే.

సోమవారం ఆయన కూడా నా వెంట వచ్చి తువ్వాలు పరుస్తానన్నాడు. పంచాయితీ పిలుపు వస్తే ఎవరైనా సరే, ముందు తువ్వాలు పరిచి 'తప్పయింది' అంటేనే కదా మాటలు మొదలయ్యేది. మొన్న ఎవరో ఓబయ్య పడవ పగలగొడితే, చెప్పుకోడానికి వచ్చిన ఓబయ్య కూడా ముందు తప్పయిందనే అన్నాడు. మీ ఆఫీసులో తువ్వాలు ఏ పక్క పరవాలో పుస్తకంలో లేదు. కాస్త బొమ్మ గీసి పంపండి.

మీ దయ కోరే,
చెంగయ్య

తా.క.: ఆ కుర్చీకి చేతులు ఉంటాయా? ఇది కూడా ముసలమ్మే.

*

జూలై 21

చెంగయ్య గారూ,

ఓబయ్య సంగతి చదివి టీ గ్లాసు ఫైలు మీద ఒలకబోసుకున్నాను. పడవ పగిలినవాడే తప్పయిందన్నాడా! అయితే మీరు ఒప్పుకోలేదు, మర్యాద చేశారు. ఆ మర్యాదకి నేను ముద్ర కొట్టి నకలు పంపాను. నా కొంప ముంచారు, మీ అమ్మాయి కొంప నేను ముంచాను.

ఆమె రాతపూర్వక అనుమతితో చెబుతున్నాను. ఫిర్యాదు చేసింది మీ అమ్మాయే. ల్యాబ్ చూసే ఒక సారు, ఆమె చేరిన నాటి నుంచి నలుగురిలో 'చేపలబుట్ట' అని పిలవడం, ఆమె నోరు తెరిస్తే కిటికీలు తెరవమనడం. ఐదుగురి ముందు కూర్చుని తారీఖులతో సహా చెప్పింది. గొంతు వణకలేదు. ఈ నిబంధనలు ఇరవై ఆరేళ్లుగా టైపు చేస్తున్నాను, ఒక మనిషి వాటిని నిజంగా పట్టుకుని నిలబడటం అప్పుడే చూశాను. నాకు తెలియకుండానే లేచి నిలుచున్నాను.

ఇప్పుడు ఆ సారు రెండు మాటలు అంటున్నాడు. కన్నతండ్రే తప్పు ఒప్పుకున్నాడన్నది ఒకటి. నిజంగా జరిగితే ఫిర్యాదుకి ముందు ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ ఎందుకు చెప్పలేదు, మార్కులు తగ్గాక అల్లిన కథ ఇది అన్నది రెండోది. అబద్ధపు ఫిర్యాదని తేలితే ఆమెను పంపించేస్తారు. మొదటిదానికి మీ ఆచారం రాసివ్వండి, చాలు. రెండోదానికే నాకు దారి తోచడం లేదు. ఇంట్లో చెప్పావా అమ్మా అని కమిటీ అడిగితే తల దించుకుంది.

మీ
రంగనాయకులు

తా.క.: చేతులున్నాయి. నిన్న మెత్త కూడా వేయించాను.

*

జూలై 24

రంగనాయకులు సారుకి,

తప్పయింది. ఈసారి మర్యాదకి కాదు సార్, నిజంగానే.

పిల్ల ఇంట్లో చెప్పింది. పోయిన కార్తీక మాసం సెలవలకి వచ్చినప్పుడు పడవలో నాకు చెప్పింది, 'సారు ఇట్లా అంటున్నాడు నాయనా' అని. అంత గొంతున్న పిల్ల, పక్కనే కూర్చున్న నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా చెప్పింది. నేనేమన్నానో తెలుసునా? 'పెద్దోళ్లతో మనకెందుకు, తలొంచుకుని చదువుకో, ఇంకెవరికీ చెప్పబాక' అన్నాను. అందుకే మీ ఉత్తరం చూడగానే, సారుకి ఎదురు చెప్పి ఇరుక్కుందనుకున్నాను. తనే ఫిర్యాదు పెట్టి ఉంటాదని నా బుర్రకి తట్టలేదు. కమిటీ ముందు తల దించింది నన్ను కాపాడడానికి సార్.

మీరు తప్పు పేరు అడిగినారు కదా, ఇప్పుడు రాసుకోండి. పేరు: నోరు మూసుకోమని కూతురికి చెప్పడం. తేదీ: కార్తీక పున్నమి మరుసటి దినం. స్థలం: పులికాట్, మా పడవ. చేసినవాడు: చెంగయ్య. దీనికి కూడా ముద్ర కొట్టి నకలు ఆ సారుకి పంపండి. సోమవారం నేనే వచ్చి అందరి ముందూ చెబుతాను.

గొంతు వణకలేదని మీరు రాసిన ముక్క ముసలమ్మకి చదివి వినిపించినాను. ఆ ముక్క ఇంకోసారి చదవమంది. ఇది మా కడుపున పుట్టిన పిల్లేనా అనిపించింది.

రోజారమణి తండ్రి,
చెంగయ్య

తా.క.: ఆ సారు కంటే ముందు ఈ ఉత్తరం మా పిల్లకి చూపించండి. నేనే చెబుదామని నాలుగుసార్లు ఫోన్ చేసినాను. అది 'ఏంది నాయనా' అనేసరికి, అన్నం తిన్నావా అని అడిగి పెట్టేసినాను. నాలుగుసార్లూ అదే. ఒక్క దినంలో నాలుగుసార్లు అన్నం ఏంది నాయనా అని పిల్ల నవ్వుతోంది.