నందిగామలో చెప్పిన మాట

సుబ్బారావూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నేను తాగి నాలుగు నెలలైంది. నమ్మవని తెలుసు.

తాగుడు మానాలనుకునేవాళ్లు నందిగామలో ఆదివారం సాయంత్రాలు ఒక బడిగదిలో కలుస్తారని మీ ఆవిడ సరోజిని ఎవరి దగ్గరో విని వచ్చింది. "ఆయన్ని పంపలేకపోయానన్నయ్యా. మీరన్నా వెళ్లండి" అని మన చిల్లకల్లులో నన్ను ఎర్రబస్సు ఎక్కించింది.

అక్కడ ఏడుగురున్నారు, పిల్లల బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని. మూడు వారాలు నేను నోరు విప్పలేదు. నాలుగో వారం లేచి పేరు చెప్పాను. "ఇద్దరం కలిసి మానేద్దాంరా" అని నువ్వు అడిగిన రోజున నవ్వి నీ గ్లాసు నింపింది నేనేనని చెప్పాను. ఎవరూ తిట్టలేదు, ఓదార్చనూ లేదు. పక్కనున్న రిటైరైన మాస్టారు కొంచెం దగ్గరికి జరిగి కూర్చున్నారు.

అక్కడ చెప్పాను గానీ, చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు. ఈ రోజు పొద్దున మీ ఇంటికి వెళ్లి సరోజినికి చెప్పాను. బియ్యం ఏరుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. తర్వాత చేటలో మిగిలిన బియ్యమంతా ఏరింది.

చివరికి, "ఎల్లుండి ఆదివారం అన్నయ్యా. బస్సు తప్పిపోకుండా చూసుకోండి" అంది.

నీ
రామ్మోహన్