తులసికుండీ మట్టి

చందానగర్,
ఆగస్టు 1999.

అక్కకు నమస్కారం.

నాయిన దగ్గు తగ్గలేదు. మిగతావాళ్ళం బాగానే ఉన్నాము.

మన పొలంలో లేచిన కంప్యూటర్ల బిల్డింగుకే నేను వాచ్‌మన్‌నని నీకు తెలుసు. రైతు తెచ్చిన మట్టిలో ఏం తగ్గిందో, ఏ పంట వేయాలో కంప్యూటర్ చెప్పే ఏర్పాటు అందులో చేస్తున్నారు. "మీ పొలం మట్టి కొంచెం తెండి, చూసిపెడతాను" అని ఆ పని చూసే ఉమాశ్రీ మేడం నన్ను అడిగింది. ఆమె కుర్చీ కిందే మన పొలమని చెప్పలేకపోయాను. పునాదులకు తవ్విన మట్టిని లారీలు ఎటు తీసుకుపోయాయో ఎవరికీ తెలియదు.

నువ్వు అత్తగారింటికి పోయేటప్పుడు తులసికుండీలో నింపుకొని పోయింది మన పొలం మట్టే కదా. వేర్లు తెగకుండా అడుగు నుంచి గుప్పెడు తీసి బావతో పంపించు.

నాయినది రోజూ ఒకటే మాట. "ఆ భూమిల ఇగ సారం లేకుండె కొడుకా, అందుకే అమ్మిన." ఆ మాట పట్టుకునే బతుకుతున్నాడు.

సారం లేదని వస్తే ఆ కాగితం ఆయనకు చదివి వినిపిస్తాను. మంచి మట్టేనని వస్తే నీకు కూడా రాయను. నువ్వూ అడగవద్దు.

నీ తమ్ముడు